తెలియని ఘడియ, తెలిసిన కర్తవ్యం

"వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక" అని మన పల్లెల్లో పెద్దలు అంటూ ఉంటారు. తెలుగు క్రైస్తవులు క్రీస్తు పునరాగమనాన్ని సూచించడానికి వాడే మాట కూడా 'రాకడ'యే. 'రెండవ రాకడ' అన్న పదబంధం మన క్రైస్తవ కుటుంబాలలో చిన్నపిల్లలకు సైతం పరిచితం. సామెతలోని మాటా, వేదగ్రంథంలోని మాటా ఒక్కటే కావడం నాకు మిక్కిలి ఉచితంగా తోస్తుంది. వాన ఎప్పుడు వస్తుందో తెలియని రైతు ఆ తెలియకపోవడాన్ని సాకుగా చేసుకొని అరుగు మీద చతికిలబడడు. రోహిణి కార్తెలోనే గట్లు సరిచేసుకుంటాడు, నాగటి కర్రు పదును పెట్టిస్తాడు, విత్తనాలు ఎండబోసి చూసుకుంటాడు. మేఘాల లెక్క తెలిసినందువల్ల కాదు అతడు సిద్ధపడేది. వాన వస్తుందన్న నమ్మకం వల్ల. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినదంతా ఈ రైతు చేసే పనికి వ్యాఖ్యానమే.

చదువరులలో క్రైస్తవేతరులైన మిత్రులు అధికసంఖ్యాకులని ఎరుగుదును. ఇది మతప్రచారం కాదు. ఒక విశ్వాసి తన ఇంటివారితో పెట్టుకున్న తగవు అనుకోండి. ఇంటి తగవు వీధిలో ఎందుకంటారేమో! భవిష్యత్తును గూర్చిన కుతూహలం ఒక మతానికే పరిమితమైనది కాదు గనుక, ఈ తగవులో మీకూ కొంత పాలు ఉండగలదని నా ఊహ. జరిగిన ప్రతి సంగతినీ జరిగిన తరువాత పాత కాలజ్ఞానంలో వెతికి పట్టుకునే అలవాటు మన తెలుగునాట అందరికీ ఉన్నదే కదా.

తగవు ఇది. ఎక్కడ యుద్ధం వచ్చినా, భూమి కంపించినా, కొత్త రోగం పుట్టినా, దానియేలు గ్రంథాన్నీ ప్రకటన గ్రంథాన్నీ ముందు పెట్టుకొని పట్టికలు గీసేవారు బయలుదేరుతున్నారు. 2020లో కరోనా వ్యాపించినప్పుడు, 2021లో టీకాలు వచ్చినప్పుడు, ఆ టీకాను ప్రకటన గ్రంథం 13వ అధ్యాయంలోని మృగముద్రతో ముడిపెట్టిన మాటలు దేశదేశాల్లో తిరిగాయి. వాటిని నమ్మి టీకాకు వెనుకాడినవారు ఉన్నారు. ఇక రెండవ పక్షంవారు ఈ సందడి చూసి విసిగిపోయి, ప్రవచనాలు మనకు అర్థమయ్యేవి కావు, ఆ ఊసు మనకెందుకు, ఆదివారం ఆరాధన చాలునని తీర్మానించుకున్నారు. మొదటివారు తమకు అంతా తెలుసునంటారు. రెండవవారు ఏమీ తెలియదు గనుక ఏమీ చేయనక్కరలేదంటారు. పరస్పర విరుద్ధాలుగా కనబడే ఈ రెండు పక్షాలకూ మూలంలో ఉన్న నమ్మకం ఒక్కటే: సిద్ధపాటుకు సంపూర్ణమైన అవగాహన కావాలని. ఆ నమ్మకమే తప్పని నా వాదం.

ముందుగా ఒక మాట విషయం. సంస్కృతంలో 'ప్రవచనం' అంటే వివరించి చెప్పడం, బోధించడం. పురాణ ప్రవచనమంటే జరగబోయేది చెప్పడమని మనమెవరమూ అనుకోము. తెలుగు బైబిలులోకి వచ్చేసరికి ఈ మాటకు భవిష్యవాణి అన్న అర్థం ప్రధానమైపోయింది. కాని ఆమోసు, యెషయా, మీకా వంటి ప్రవక్తల గ్రంథాలు తెరిచి చూడండి. అక్కడ రాబోయే కాలాన్ని గూర్చిన మాటలున్న మాట నిజమే. వాటి పక్కనే దొంగ తూకాలు, లంచం పుచ్చుకునే న్యాయాధిపతులు, బీదవాని పొలాన్ని కాజేసే ధనికులు, విధవరాలి మొర ఎంతో విస్తారంగా కనబడతారు. ప్రవక్త రేపటిని చూపింది నేటి నడవడి దిద్దడానికి. ఆ విధంగా చూస్తే సంస్కృతార్థమే ప్రవక్తల పనికి దగ్గరగా ఉన్నది. రేపటిని మాత్రం తీసుకొని నేటిని వదిలిపెట్టడం శ్లోకంలో రెండు పాదాలు చెరిపివేసి అన్వయం చెప్పబూనడం వంటిది.

గ్రంథం తెలియకపోవడాన్ని దాచలేదు. దానియేలు గ్రంథం చివరి అధ్యాయంలో ఆ ప్రవక్త తాను విన్నాననీ, అయినా గ్రహింపలేకపోయాననీ చెప్పుకొని, ఫలితమేమని అడుగుతాడు. ఆయనకు లభించిన జవాబు వివరణ కాదు. ఆ మాటలు అంత్యకాలం వరకు ముద్రింపబడి ఉన్నాయి, నీవు నీ త్రోవన పొమ్మన్న ఆదేశం. పేతురు మొదటి పత్రికలో ప్రవక్తలు తాము పలికినదాని కాలమేదో తామే పరిశోధించవలసి వచ్చిందని ఉన్నది. మార్కు సువార్త 13వ అధ్యాయంలో క్రీస్తు ఆ దినాన్నీ ఆ గడియనూ దూతలు గాని, కుమారుడు గాని ఎరుగరనీ, తండ్రికే తెలుసుననీ అంటాడు. పునరుత్థానం తరువాత శిష్యులు రాజ్యం ఎప్పుడని అడిగినప్పుడు, కాలాలూ సమయాలూ తెలుసుకోవడం వారి పని కాదని చెప్పి, సాక్షులుగా ఉండే పని అప్పగించాడని అపొస్తలుల కార్యాల మొదటి అధ్యాయం చెబుతున్నది. పలికిన ప్రవక్తకు తెలియలేదు, వెంట తిరిగిన శిష్యునికి తెలియలేదు. పట్టిక గీసినవానికి మాత్రం ఎలా తెలిసిందో మనం అడగవద్దా?

తెలిసినవారు సిద్ధంగా ఉంటారన్న భ్రమను మొదటి రాకడ వృత్తాంతమే తొలగిస్తున్నది. మత్తయి సువార్త రెండవ అధ్యాయంలో హేరోదు రాజు క్రీస్తు ఎక్కడ పుట్టాలని ప్రధానయాజకులనూ శాస్త్రులనూ అడిగాడు. వారు తడుముకోలేదు. మీకా ప్రవచనాన్ని ప్రమాణంగా చూపి బేత్లెహేమని చెప్పారు. జవాబు సరియైనదే. పరీక్షాపత్రమైతే నూటికి నూరు మార్కులు వేయవచ్చు. యెరూషలేమునుండి బేత్లెహేముకు దూరం సుమారు 9 కిలోమీటర్లు. ఉదయం బయలుదేరితే ఎండ ముదరకముందే చేరవచ్చు. ఆ శాస్త్రులలో ఒక్కరైనా లేచి వెళ్ళినట్లు సువార్తలో లేదు. వెళ్ళినవారు తూర్పుదేశపు జ్ఞానులు. వారికి ఊరి పేరు తెలియదు, దారి అడుగుతూ వచ్చారు, రాజు ఇంట పుట్టి ఉంటాడేమోనని రాజనగరుకు వెళ్ళారు. సగం తెలిసినవారు దూరదేశం నుండి నడిచి వచ్చారు. పూర్తిగా తెలిసినవారు గడప దాటలేదు. లూకా సువార్తలోని సుమెయోను, అన్న అనే ఇద్దరు వృద్ధులనూ ఈ సందర్భంలో తలచుకోవాలి. వారు పట్టికలు గీసినట్లు ఎక్కడా లేదు. దేవాలయాన్ని విడువక ప్రార్థన చేసుకునే ఆ వృద్ధురాలూ, ఆదరణకోసం కనిపెట్టుకొని ఉన్న ఆ వృద్ధుడూ బీదతల్లి చేతిలోని నలభై దినాల బిడ్డను చూడగానే గుర్తుపట్టారు.

ఇక మత్తయి సువార్త 24, 25 అధ్యాయాలకు వద్దాము. రాకడను గూర్చి క్రీస్తు చెప్పిన ఉపమానాలలో నాకు మిక్కిలి ఇష్టమైనది పదిమంది కన్యకల కథ. దీనిని సాధారణంగా మెలకువగా ఉన్నవారికీ నిద్రపోయినవారికీ మధ్య ఉన్న భేదంగా చెబుతారు. కథ అలా లేదు. పెండ్లికుమారుడు ఆలస్యం చేయగా పదిమందీ కునికి నిద్రించారు. బుద్ధిగలవారు కూడా నిద్రపోయారు. అతడు ఎప్పుడు వస్తాడో పదిమందిలో ఒక్కరికీ తెలియదు. భేదమంతా నూనె దగ్గరే. తెలుగు బైబిలు ఆ నూనెపాత్రకు 'సిద్దె' అన్న మాట వాడింది. నూనె, నెయ్యి పోసుకునే తోలుపాత్రకు మన పాతకాలపు పేరది. సిద్దెలో నూనె ఉన్నవారే సిద్ధంగా ఉన్నారని క్లాసులో పిల్లలకు చెబితే నవ్వుతూ గుర్తుపెట్టుకునేవారు. ఈ రెండు మాటలకూ వ్యుత్పత్తి వేరు. జ్ఞాపకానికి మాత్రం పనికివచ్చే సామ్యం.

మరి బుద్ధిలేని ఐదుగురు నూనె ఎందుకు తేలేదు? పెండ్లికుమారుడు రాడనుకొని కాదు. రాడనుకుంటే దివిటీలు పట్టుకొని బయలుదేరరు కదా. వెంటనే వచ్చేస్తాడనుకొని! వారిలో లోపించింది ఎదురుచూపు కాదు, ఆలస్యానికి తగిన ఏర్పాటు. ఈ కథను బట్టి చూస్తే, రేపే రాకడ అని చేతులు కట్టుకొని కూర్చున్నవాడు బుద్ధిగల కన్యకలలో చేరడు. రేపు వచ్చినా సరే, నా మనుమల కాలానికి వచ్చినా సరే అని నూనె పోసుకున్నవాడే చేరుతాడు.

అదే అధ్యాయం చివర గొఱ్ఱెలనూ మేకలనూ వేరుచేసే తీర్పు దృశ్యం ఉన్నది. ఆకలిగొన్నవానికి అన్నం పెట్టినవారు కుడివైపు, పెట్టనివారు ఎడమవైపు. రెండు వైపులవారూ అడిగే ప్రశ్న ఒక్కటే: ప్రభువా, నిన్ను ఎప్పుడు చూశాము? నీతిమంతులకు కూడా తాము ఎవరికి అన్నం పెట్టారో తెలియదు. తెలియక పెట్టారు. ఆ తెలియకపోవడం వారికి అడ్డు రాలేదు. 24వ అధ్యాయంలోని నమ్మకమైన దాసుని పని కూడా యజమాని వచ్చే వేళ కనిపెట్టడం కాదు. ఇంటివారికి వేళకు అన్నం పెట్టడం. ఇన్ని ఉపమానాలలో వేళ తెలిసినవారు ఒక్కరూ లేరు. సిద్ధంగా ఉన్నవారు మాత్రం ఉన్నారు.

ఇదేదో నేను కొత్తగా చెబుతున్న మాట కాదు. 5వ శతాబ్దారంభంలో సలోనా పట్టణపు బిషప్పు హెసీకియస్ లోకాంతం సమీపించిందనడానికి సూచనలు కనబడుతున్నాయని ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో బిషప్పు అగస్టీనుకు రాశాడు. అగస్టీను దీర్ఘమైన జవాబు రాస్తూ ముగ్గురు దాసులను ఊహించాడు. ముగ్గురూ యజమానిని ప్రేమించేవారే. ఒకడు త్వరగా వస్తాడంటాడు. మరొకడు ఆలస్యంగా వస్తాడంటాడు. మూడవవాడు ఎప్పుడు వస్తాడో తెలియదంటాడు. మొదటివాని మాట తప్పితే విన్నవారు ఆలస్యమైందని సరిపెట్టుకోరు, అసలే రాడని నిరాశ చెందుతారు, అదీ ప్రమాదం. మూడవవాడు మొదటివాని మాట నిజం కావాలని కోరుకుంటాడు, రెండవవాని మాట నిజమైతే ఓర్చుకుంటాడు, తాను ఏదీ రూఢిగా చెప్పడు గనుక ఏ విధంగానూ తప్పడు. అగస్టీను మొగ్గు ఈ మూడవవాని వైపే. పదహారు వందల యేండ్లనాటి ఈ ఉత్తరాన్ని మన సంఘాలలో చదివి వినిపించేవారుంటే ఎంత బాగుండును!

మొదటి దాసుని మాట తప్పినప్పుడు ఏమవుతుందో చరిత్రలో కావలసినన్ని నిదర్శనాలున్నాయి. జర్మనీ దేశంలో మిఖాయేల్ ష్టీఫెల్ అనే లూథరన్ పాదిరి ఉండేవాడు, మార్టిన్ లూథరుకు మిత్రుడు. అక్షరాలను అంకెలుగా మార్చి లెక్కకట్టి, 1533 అక్టోబరు 19 ఉదయం 8 గంటలకు లోకాంతమని ప్రకటించాడు. నమ్మిన రైతులు పొలం పనులు మానుకున్నారు, ఉన్నది ఖర్చు చేసుకున్నారు. ఎనిమిది గంటలైంది, తొమ్మిదైంది. పాదిరి పదవి పోయింది, నిర్బంధమూ తప్పలేదు. తరువాత ఆయన ఆ విధమైన లెక్కలను కట్టిపెట్టి అసలు గణితం వైపు మళ్ళాడు. 1544లో వెలువడిన ఆయన గణితగ్రంథం 'అరిథ్మెటికా ఇంటెగ్రా' ఘాతాంకాల చరిత్రలో నేటికీ చెప్పుకోదగినది. ఒకే బుద్ధి, ఒకే అంకెలు. దేవుడు దాచిపెట్టినదానిమీద ప్రయోగిస్తే ఊరు చెడింది. మనిషికి అప్పగించినదానిమీద ప్రయోగిస్తే లోకానికి మేలైంది.

అమెరికాలో విలియం మిల్లర్ కథ ఇంతకంటె విషాదకరమైనది. ఆయన న్యూయార్కు రాష్ట్రపు రైతు, బాప్టిస్టు, సజ్జనుడు. దానియేలు 8వ అధ్యాయంలోని 2300 దినాలను సంవత్సరాలుగా తీసుకొని, క్రీ.పూ. 457 నుండి లెక్కించి, రాకడ 1843 ప్రాంతంలో అని తేల్చాడు. 1831 నుండి ప్రసంగించాడు. 1844 మార్చి 21 నాటికి గడువు దాటిపోయింది. అనుచరుడు శామ్యూల్ స్నో 1844 అక్టోబరు 22 అని మరొక లెక్క చెప్పాడు. మిల్లర్ చాలాకాలం వెనుకాడి చివరి రోజులలో ఒప్పుకున్నాడు. ఆ శరత్తులో కొందరు రైతులు పంట కోయకుండా పొలంలోనే వదిలివేశారు. వ్యాపారులు అంగళ్ళు మూశారు. ఆ రాత్రి గడిచి తెల్లవారింది. చరిత్రకారులు దానిని మహా నిరాశ అని పిలుస్తారు. ఎగతాళి చేసేవారు విశ్వాసులు తెల్లని అంగీలు తొడుక్కొని కొండలెక్కారని కథలల్లారు. వాటికి సరియైన ఆధారం లేదు. మిల్లర్ తన లెక్క తప్పిందని బహిరంగంగా అంగీకరించి, రాకడమీద ఆశ మాత్రం వదలక 1849లో కన్నుమూశాడు. ఆయన చిత్తశుద్ధిని నేను శంకించను. అంత చిత్తశుద్ధి గలవాని లెక్కే తప్పినప్పుడు తక్కినవారి మాట చెప్పనేల?

చిత్తశుద్ధి కూడా లేని సందర్భాలున్నాయి. దక్షిణ కొరియాలో ఒక సంస్థ 1992 అక్టోబరు 28న విశ్వాసులు ఎత్తబడతారని చాటింది. జనం ఉద్యోగాలు వదిలారు, పిల్లలను బడి మానిపించారు, ఆస్తులమ్మి విరాళాలిచ్చారు. ఆ సంస్థ నాయకుడు మాత్రం ఆ తేదీ దాటిన తరువాత గాని సొమ్ము చేతికి రాని బాండ్లు కొనిపెట్టుకున్నాడని బయటపడింది! మోసం నేరం కింద ఆయనకు జైలుశిక్ష పడింది. అమెరికాలో హారొల్డ్ కాంపింగ్ అనే రేడియో బోధకుడు 2011 మే 21 అన్నాడు, అది తప్పితే అక్టోబరు 21 అన్నాడు. 2012లో అలా తేదీ పెట్టడం పాపమని తానే ఒప్పుకున్నాడు. 2025 సెప్టెంబరు 23, 24 తేదీలను గూర్చిన మాట సామాజిక మాధ్యమాలలో దేశాలు తిరిగింది. ఆ తేదీలూ వచ్చాయి, వెళ్ళాయి.

తేదీ తప్పినప్పుడు పోయేది తేదీ చెప్పినవాని పరువు ఒక్కటే అయితే నేను ఇంత రాయను. తల్లిదండ్రులు అమ్ముకున్న పొలం పిల్లలకు తిరిగి రాదు. బడి మానిన పిల్లకు ఆ సంవత్సరం తిరిగి రాదు. ముప్పై యేండ్లకు పైగా తరగతి గదిలో గడిపినవాడిగా ఈ రెండవ నష్టం నాకు ఎక్కువ బాధాకరం. పైగా అగస్టీను భయపడినట్లు, మోసపోయినవాడు లెక్క తప్పనడు, గ్రంథమే తప్పంటాడు. పౌలు కాలంలోనే థెస్సలొనీకలో ప్రభువు దినం వచ్చేసిందని కొందరు కలవరపడ్డారు; పనిపాట్లు మాని తిరిగేవారు కూడా ఆ సంఘంలో ఉన్నారు. ఆయన వారికి కొత్త పట్టిక పంపలేదు. నెమ్మదిగా పనిచేసుకొని ఎవరి అన్నం వారు సంపాదించుకోవాలని రాశాడు. రాకడను గూర్చిన పత్రికలో ఆ మాట ఉండడం యాదృచ్ఛికం కాదు.

సిద్ధపాటు ఎలా ఉంటుందో చూపే సంఘటన ఒకటి నాకు ఎంతో ప్రియమైనది. 1780 మే 19న అమెరికా ఈశాన్య ప్రాంతంలో పట్టపగలు చీకట్లు కమ్మాయి. కోళ్ళు గూళ్ళకు చేరాయి, జనం తీర్పుదినం వచ్చిందని ప్రార్థనామందిరాలకు పరుగెత్తారు. హార్ట్‌ఫర్డులో కనెక్టికట్ శాసనసభ వాయిదా పడింది. పైసభలోనూ వాయిదా ప్రస్తావన వచ్చినప్పుడు అబ్రహాం డేవెన్‌పోర్ట్ అనే సభ్యుడు లేచి అభ్యంతరం చెప్పాడు. తీర్పుదినం వచ్చి ఉండవచ్చు, రాకపోయి ఉండవచ్చు. రాకపోతే సభ ఆపనక్కరలేదు. వచ్చి ఉంటే తాను తన పని చేస్తూ కనబడాలని కోరుకుంటాననీ, కొవ్వొత్తులు తెప్పించమనీ ఆయన మాటల సారాంశం. కెనడా వైపు అడవులు తగలబడిన పొగ వల్ల ఆ చీకటి కలిగిందని చెట్ల వలయాలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు మన కాలంలో తేల్చారు. డేవెన్‌పోర్టుకు ఆ కారణం తెలియదు. తెలిసినా తెలియకపోయినా ఆయన చేయవలసిన పని మారదు.

మన తెలుగునేల మీదకు వద్దాము. మిల్లర్ అనుచరులు రోజులు లెక్కపెట్టుకుంటున్న ఆ 1840వ దశకంలోనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే నెల్లూరులో పని ప్రారంభించాడు. ఫలితం బహు స్వల్పం. మిషను మూసివేద్దామన్న చర్చ ఒకసారి కాదు, పలుమార్లు జరిగింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్ దంపతులు, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండమీద నిలిచి ప్రార్థించారు. ఆ ఊరికి జాన్ క్లౌ వచ్చి స్థిరపడింది 1866లో. పన్నెండేండ్లు! 1876–78 నాటి మహాక్షామం వచ్చింది. కరవులు సూచనలలో ఒకటని మత్తయి సువార్తలోనే ఉన్నది. క్షామాన్ని చూపి లెక్కలు చెప్పడం సులభం. క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు 3½ మైళ్ళ తవ్వకపు పని గుత్తకు తీసుకొని, ఆకలితో చస్తున్న బీదజనానికి కూలి దొరికే ఏర్పాటు చేశాడు. గంజికోసం మతం పుచ్చుకున్నారన్న మాట రాకూడదని క్షామకాలంలో బాప్తిస్మాలు ఆపివేశాడు. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ అంకెను మావాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. నేను దానికంటె ఆ కాలువనే ఎక్కువ తలచుకుంటాను. యజమాని వచ్చేవరకు ఇంటివారికి వేళకు అన్నం పెట్టడమంటే ఆ మన్ను తవ్వించడమే.

అయితే ప్రవచనాలు చదవడం వ్యర్థమా అని ఒక ఆక్షేపణ. కాదు. పేతురు రెండవ పత్రిక ప్రవచనాన్ని చీకటిగల చోట వెలిగే దీపంతో పోల్చింది. దీపం పట్టుకొని రాత్రివేళ పొలం గట్టున నడిచినవారికి తెలుసు, అది రెండు మూడు అడుగులు చూపిస్తుంది, ఊరు చూపించదు. అయినా ఊరు చేరుస్తుంది. ప్రకటన గ్రంథం మొదట పంపబడింది ఎఫెసు, స్ముర్న, పెర్గము, తుయతైర, సార్దీస్, ఫిలదెల్ఫియ, లవొదికయ అన్న ఏడు ఊళ్ళ సంఘాలకు. హింసలో ఉన్నవారికి అది ఓర్పునిచ్చింది, సుఖంలో చల్లారినవారిని గద్దించింది. అందులోని ప్రతి సంకేతమూ వారికి విడివడిందని చెప్పలేము. ఓర్పూ గద్దింపూ మాత్రం అర్థమయ్యాయి. మనకూ ఆ రెండూ అర్థమవుతున్నాయి. అర్థమైన భాగాన్ని ఆచరించకుండా అర్థం కాని భాగాన్ని గూర్చి వాదులాడుకోవడం ఎందుకు?

వెయ్యేండ్ల పాలన ముందా రాకడ ముందా, శ్రమలకు ముందు ఎత్తబడడమా తరువాతనా అన్న చర్చలు ఏనాటినుండో ఉన్నాయి. పండితులు జరుపుకోనివ్వండి. ఆ చర్చల పేరిట ఒక సంఘంవారు మరొక సంఘంవారి ఇంట పెండ్లికి వెళ్ళకపోవడం మాత్రం సహింపరానిది. కొత్తనిబంధన గ్రంథాలలో దాదాపు అన్నిటికీ వ్యాఖ్యానం రాసిన కాల్విన్ ప్రకటన గ్రంథానికి రాయలేదు. లూథరు 1522లో ఆ గ్రంథం తనకు అంతుపట్టడం లేదన్నట్లే పీఠిక రాసి, తరువాత మార్చుకున్నాడు. న్యూటను జీవితకాలమంతా ఈ ప్రవచనాలను పరిశోధించాడు; ఆయన మరణానంతరం 1733లో అచ్చయిన గ్రంథంలో, దేవుడు తమను ప్రవక్తలుగా చేయడానికే ఈ గ్రంథమిచ్చినట్లు వ్యాఖ్యాతలు కాలాలు చెప్పబూనడం మూర్ఖత్వమని హెచ్చరించాడు. అంతటివారే ఆగిన చోట మనమూ కాస్త ఆగితే చిన్నతనమేమీ కాదు.

తేదీ లేకపోతే మనిషిలో తీవ్రత ఉండదు కదా అని రెండవ ఆక్షేపణ. ఇన్‌స్పెక్టరు ఫలానా రోజున వస్తారని తెలిస్తే బడికి సున్నం వేయించడం, గోడలకు పటాలు తగిలించడం మనమెరుగనిదా? ఆయన వెళ్ళిన మరునాడు పటాలు బీరువాలోకి పోతాయి. తేదీ చెప్పకుండా వచ్చినప్పుడు బయటపడేదే ఆ బడి అసలు స్వరూపం. ప్రతిరోజూ పాఠం చెప్పే ఉపాధ్యాయునికి ఇన్‌స్పెక్టరు ఏ రోజు వచ్చినా ఒక్కటే. తేదీనుండి పుట్టిన భక్తి తేదీతోనే పోతుంది. ప్రేమనుండి పుట్టినది నిలుస్తుంది. వేళ చెప్పకపోవడంలోని ఆంతర్యం ఇదేనని నా అభిప్రాయం.

రెండు వేల యేండ్లు గడిచినా రాలేదు, ఇంకేమి వస్తాడు అనేవారికి కూడా ఒక మాట. ఈ ప్రశ్న పేతురు రెండవ పత్రికనాటికే పుట్టింది. ఆలస్యం అలక్ష్యం కాదనీ, ఎవరూ నశింపకూడదన్న దీర్ఘశాంతమనీ అక్కడ సమాధానం. వెయ్యి సంవత్సరాలు ఒక దినంలాంటివన్న మాట అక్కడే ఉన్నది. విచిత్రమేమిటంటే, లెక్కించవద్దని చెప్పడానికి వాడిన ఆ మాటనే కొందరు లెక్కకు సూత్రంగా మార్చుకొని, ఆరు దినాలు ఆరు వేల యేండ్లని గుణించి 2000 సంవత్సరం చుట్టూ తిరిగారు.

మరి సిద్ధపాటంటే ఏమిటని అడిగితే నేను పట్టిక ఇవ్వలేను గాని కొన్ని పనులు చెప్పగలను. చేసిన అప్పు తీర్చడం. పనిమనిషి కూలి రేపటికి వాయిదా వేయకపోవడం. ఆస్తి పంపకాల నాడు మాటలు మానుకున్న తమ్ముని ఇంటికి మనమే ముందు వెళ్ళడం. వీలునామా న్యాయంగా రాసి ఉంచడం. మందులు కొనుక్కోలేని పొరుగువానికి మందులు తెచ్చి ఇవ్వడం. చెట్టు నాటడం. దీనిని గూర్చి ఒక సంగతి: రేపు లోకాంతమని తెలిసినా నేడు మొక్క నాటుతానన్న మాట లూథరుదని ప్రచారం, ఆయన రచనలలో అది ఎక్కడా కనబడదు, ఇరవయ్యవ శతాబ్దానికి ముందు దాని జాడ లేదు. ఎవరిదైనా మాట మంచిది. మొక్క నాటడానికి ఆ మాట లూథరుదే కానక్కరలేదు.

అరవై దాటిన నాబోటివానికి సామెతలోని రెండవ సగం కూడా దగ్గరి విషయమే. క్రీస్తు నా జీవితకాలంలో వస్తే అది రాకడ, రాకుంటే నాకు పోకడ. రెండింటి ఘడియా నాకు తెలియదు, రెండింటికీ కావలసిన సిద్ధపాటు ఒక్కటే. ఆ నాడు నన్ను ఆయన దానియేలు 70 వారాల లెక్క ఒప్పజెప్పమంటాడని నేననుకోను. ఆకలిగొన్నవాడు నీ వాకిట నిలిచినప్పుడు నీవెక్కడ ఉన్నావని అడుగుతాడనుకుంటాను. ఆ ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోవడానికి నేటి దినం ఉన్నది. అది చాలు.

మిత్రులు ఏకీభవించినా, విభేదించినా తమ అభిప్రాయాలను నిస్సంకోచంగా తెలుపగలరు. తేదీలు తప్ప మరేదైనా చర్చించడానికి సంసిద్ధుడను.